సైనిక కుటుంబంలో పుట్టిన పతక విజేత జీవితచరిత్రను రాయడం ఎలా?

సైనికాధికారి జీవితచరిత్ర రాయాలని ఆయన ఇంటికి వెళ్లినవారికి మొదట కనిపించేది గోడమీద అద్దాల చట్రంలో ఉన్న పతకం. దాని పక్కన తండ్రి ఫోటో, ఆ పక్కన తాతగారి ఫోటో ఉంటాయి, ఇద్దరూ యూనిఫారంలోనే కనిపిస్తారు. ఆ మూడింటినీ కలిపి ‘వీరుల వంశంలో పుట్టిన వీరుడు’ అని రాసేస్తే సగం పుస్తకం పూర్తయినట్టు అనిపిస్తుంది గానీ, ఆ వాక్యం రాసిన తరువాత చెప్పడానికి ఇక ఏమీ మిగలదు. పతకం తెచ్చిపెట్టిన ఘటన సాధారణంగా కొన్ని గంటల్లో ముగిసిపోయి ఉంటుంది. ఆ గంటలకు ముందూ వెనకా బదిలీలు, శిక్షణలు, సెలవుల కోసం ఎదురుచూపులు, భార్య ఒంటరిగా నడిపిన సంసారం, తండ్రితో పడిన భేదాభిప్రాయాలు ఉంటాయి. పాఠకుడికి తెలియనివి, మీరు మాత్రమే చెప్పగలిగినవి అవే. భారత సైన్యంలో పనిచేసిన అధికారి గురించి రాయబోతున్న కుటుంబసభ్యులనూ, మిత్రులనూ, స్థానిక చరిత్రకారులనూ దృష్టిలో పెట్టుకుని ఈ పద్ధతిని వివరిస్తున్నాను.

ముందు తేదీల పట్టిక

ఒక్క వాక్యమైనా రాయకముందే ఆరు గళ్లున్న పట్టికను తయారు చేసుకోండి. తేదీ, హోదా, యూనిట్, ఊరు, ఆ సమయంలో కుటుంబం ఉన్న చోటు, ఆ వివరం మీకు దొరికిన ఆధారం అందులో ఉండాలి. అయిదో గడిని చాలామంది వదిలేస్తారు. కానీ అధికారి ఫీల్డ్ పోస్టింగ్‌లో ఉన్నప్పుడు కుటుంబం మరో కంటోన్మెంటులోనో, అత్తవారి ఇంట్లోనో ఉంటుంది కాబట్టి ఆ రెండు ఊళ్లనూ పక్కపక్కన వేసి చూసినప్పుడే ఎవరు ఎవరికి ఎప్పుడు దూరంగా ఉన్నారో, ఏ బిడ్డ పుట్టినప్పుడు తండ్రి దగ్గర లేడో తెలుస్తుంది. ఆరో గడి కూడా అంతే అవసరం. ‘అమ్మ చెప్పింది’ అన్నది కూడా ఆధారమే, దాన్ని అలాగే రాసుకోండి. తరువాత కాగితం దొరికితే రెండింటినీ పోల్చవచ్చు.

పట్టికకు వెన్నెముక సర్వీసు నంబరు. దాని ముందున్న అక్షరాలే ఎన్నో సంగతులు చెబుతాయి. కమిషన్ అంటే అధికారిగా నియామకం. ఐసీ అని ఉంటే పర్మనెంట్ (శాశ్వత) కమిషన్, ఎస్ఎస్ అని ఉంటే కొన్నేళ్లకే పరిమితమైన షార్ట్ సర్వీస్ కమిషన్, ఈసీ అని ఉంటే అత్యవసర పరిస్థితిలో ఇచ్చిన ఎమర్జెన్సీ కమిషన్, జేసీ అని ఉంటే ఆయన సుబేదారు శ్రేణికి చెందిన జూనియర్ కమిషన్డ్ ఆఫీసరు అని అర్థం చేసుకోవాలి. షార్ట్ సర్వీసులో చేరి తరువాత పర్మనెంట్ కమిషన్ పొందినవారి నంబరు మారుతుంది కనుక, ఒకే మనిషికి రెండు నంబర్లు కనిపిస్తే వారిని ఇద్దరు మనుషులుగా పొరబడకూడదు. తాతగారి విషయంలో ఇంకా జాగ్రత్త కావాలి. ఇంట్లో అందరూ ఆయనను ‘ఆఫీసరు’ అనే చెప్పుకోవచ్చు, కాగితంలో మాత్రం వైస్రాయ్ కమిషన్ (బ్రిటిష్ కాలంలో పూర్తి స్థాయి అధికారి కంటే కింది స్థాయి నియామకం) పొందిన సుబేదారు అని ఉండవచ్చు. ఇందులో తక్కువతనం ఏమీ లేదు. ఒక తరం సుబేదారుగా ముగిసి తరువాతి తరం కమిషన్ పొందడమే ఆ కుటుంబ కథలో అసలు మలుపు కావచ్చు, దాన్ని గౌరవం పేరుతో చెరిపేస్తే కథే చెదిరిపోతుంది.

శిక్షణ సంస్థల చరిత్ర తెలిసి ఉంటే ఇంటి జ్ఞాపకాల్లో దొర్లిన తప్పులు సులువుగా దొరుకుతాయి. డెహ్రాడూన్‌లోని ఇండియన్ మిలిటరీ అకాడమీ 1932లో మొదలైంది. నేషనల్ డిఫెన్స్ అకాడమీ ఖడక్‌వాస్లాకు తరలినది 1955 జనవరిలో. అంతకుముందు త్రివిధ దళాల ఉమ్మడి శిక్షణ డెహ్రాడూన్ దగ్గరి క్లెమెంట్ టౌన్‌లో జరిగేది. అందుచేత ‘1951లో ఖడక్‌వాస్లాలో చేరారు’ అని ఎవరైనా చెబితే సంవత్సరమైనా, ఊరైనా తప్పయి ఉండాలి. చెన్నైలోని శిక్షణ సంస్థ 1963లో ఆఫీసర్స్ ట్రైనింగ్ స్కూల్‌గా ప్రారంభమై, 1988లో అకాడమీ అనే పేరు పొందింది. 1970లలో అక్కడ చదివిన అధికారి దాన్ని ఇప్పటికీ ఓటీఎస్ అనే అంటారు, మీరూ ఆ అధ్యాయంలో అలాగే రాయండి.

పట్టికలో ఖాళీలు పూరించడానికి బాగా పనికివచ్చేవి పాత ఉత్తరాలు. అయితే సైనిక ఉత్తరాల మీద ఊరి పేరు ఉండదు. యూనిట్ పేరు, దాని కింద 56 ఏపీఓ అనో, 99 ఏపీఓ అనో ఉంటుంది; ఏపీఓ అంటే ఆర్మీ పోస్టాఫీసు. తూర్పు ప్రాంతాల యూనిట్ల ఉత్తరాలు 99 మీదుగా నడిచేవని తెలిస్తే కొంత ఊహకు అందుతుంది, అంతకుమించి చిరునామా ఏమీ చెప్పదు. ఉత్తరంలోని చలి, వాన, రైలు ప్రయాణం ఎన్ని రోజులు పట్టిందన్న మాట, అక్కడ దొరికిన పండు, ఇలాంటివాటిని బట్టి స్థలాన్ని ఊహించి, ఆ ఊహను యూనిట్ చరిత్రతో సరిచూసుకోవాలి. ఉత్తరాలను విషయాల వారీగా విడదీయకండి. తేదీల వరుసలోనే ఉంచి, కవరును కూడా దాచండి, ఎందుకంటే లోపల తేదీ వేయని మనిషి కవరు మీద పోస్టు ముద్రను ఆపలేడు కదా.

పతకాన్ని చదవడం

పతకం పేరు ఒక్కటి రాసి ముందుకు వెళ్లకండి. మొదట అది శౌర్యానికి ఇచ్చినదా, విశిష్ట సేవకు ఇచ్చినదా, లేక ఒక యుద్ధంలోనో ప్రాంతంలోనో పనిచేసిన వారందరికీ ఇచ్చినదా అన్నది తేల్చుకోవాలి. పరమవీర చక్ర, మహావీర చక్ర, వీర చక్ర శత్రువు ఎదుట చూపిన శౌర్యానికి ఇస్తారు. అశోక చక్ర, కీర్తి చక్ర, శౌర్య చక్ర శత్రువు ఎదుట కాక ఇతర సందర్భాల్లో చూపిన శౌర్యానికి ఇస్తారు, ఉగ్రవాదులతో పోరాటాలకు తరచుగా వచ్చేవి ఇవే. సేనా మెడల్‌ను శౌర్యానికీ ఇస్తారు, విశిష్ట సేవకూ ఇస్తారు. పతకం ఒకటే కాబట్టి చూసి చెప్పలేం, కాగితం కావాలి. పరమ విశిష్ట, అతి విశిష్ట, విశిష్ట సేవా మెడళ్లు విశిష్టమైన సేవకు గుర్తింపులు. వాటిని శౌర్య పతకాలుగా రాస్తే ఆ అధికారి సహచరులు మొదటి పేజీలోనే పుస్తకం మూసేస్తారు. సమర్ సేవా స్టార్ 1965 యుద్ధానికి, పూర్వీ స్టార్, పశ్చిమీ స్టార్ 1971లో వరుసగా తూర్పు, పడమటి రంగాల్లో చేసిన సేవకు, ఆప్ విజయ్ స్టార్ కార్గిల్‌కు సంబంధించినవి. ఇవి శౌర్యాన్ని చెప్పవు గానీ, మనిషి ఆ సమయంలో ఏ రంగంలో ఉన్నాడో చెబుతాయి. 1971లో ఢాకా దిశగా నడిచానని చెప్పుకున్న మనిషి పతకాల వరుసలో పశ్చిమీ స్టార్ ఒక్కటే ఉంటే, మర్యాదగా ఇంకొక ప్రశ్న అడగవలసి ఉంటుంది.

పేర్లు మారిన కాలాన్ని కూడా గుర్తుంచుకోవాలి. 1952లో నెలకొల్పినప్పుడు అశోక చక్ర మూడు తరగతులుగా ఉండేది. రెండో తరగతికి కీర్తి చక్ర అనీ, మూడో తరగతికి శౌర్య చక్ర అనీ పేరు పెట్టినది 1967లో. విశిష్ట సేవా మెడల్ కూడా 1960లో మూడు తరగతులుగా మొదలై, అదే 1967లో నేటి పేర్లు పొందింది. 1958 నాటి కాగితంలో ‘అశోక చక్ర, రెండో తరగతి’ అని ఉంటే అది తరువాతి కీర్తి చక్రకు సమానం, దాన్ని అశోక చక్ర అని రాయడం అతిశయోక్తి అవుతుంది. రాసేవారికి ఆ ఉద్దేశం లేకపోయినా ఫలితం అదే.

ఘటన తేదీ, ప్రకటన తేదీ, ప్రదానం తేదీ మూడూ వేర్వేరు. మేజర్ సోమ్‌నాథ్ శర్మ శ్రీనగర్ దగ్గరి బద్గాంలో మరణించినది 1947 నవంబరు 3న. ఆనాటికి పరమవీర చక్ర అనే పతకమే లేదు. దాన్ని 1950 జనవరి 26న నెలకొల్పి, 1947 ఆగస్టు 15 నుంచి వర్తించేలా చేశారు కాబట్టి మొదటి పరమవీర చక్ర ఆయనకు మరణానంతరం దక్కింది. ‘పరమవీర చక్ర కోసం పోరాడాడు’ అన్న ధోరణి ఎంత అర్థరహితమో చూపడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ లేదు.

పతకాలు మీ చేతికి వచ్చినప్పుడు వాటిని రుద్ది మెరిపించవద్దు. అనేక పతకాల అంచు మీద నంబరు, హోదా, పేరు సన్నగా చెక్కి ఉంటాయి, అరిగిపోతే అవి మళ్లీ రావు. భూతద్దంతో చదివి, పక్కనుంచి వెలుతురు పడేలా ఫోటో తీసుకోండి. అంచుమీది హోదా ఆ పతకం వచ్చిన కాలం నాటిది కావచ్చు, ఆయన చివరి హోదా కాకపోవచ్చు. పెద్ద పతకాలతో పాటు మెస్ (అధికారుల భోజనశాల) దుస్తుల మీద ధరించే చిన్న నమూనాలు కూడా ఇంట్లో ఉంటాయి. వాటిని లెక్కలో కలిపితే పతకాలు రెట్టింపవుతాయి, అలాంటి ‘రెట్టింపు వీరుల’ను నేను అచ్చులో చూశాను.

పతకంతో వచ్చే సైటేషన్, అంటే శౌర్య వివరణ పత్రం, రచయితలందరూ వాలిపోయే చోటు. అది అవసరమైన కాగితమే, గెజెట్‌లో అచ్చయి ఉంటే నిస్సంకోచంగా ఉదహరించవచ్చు. కానీ అది ఒక సిఫారసు నుంచి పుట్టిన పత్రమని మరువకూడదు. ఘటన జరిగిన కొద్ది రోజులకే, చాలాసార్లు ప్రత్యక్షంగా చూడని అధికారి, చూసినవారి మాటలను సమకూర్చి, పతకానికి తగిన భాషలో రాసినది అది. అందులో ధైర్యం ఉంటుంది, సందేహం ఉండదు. ఆజ్ఞ ఆలస్యంగా అందిందనో, వైర్‌లెస్ పనిచేయలేదనో, పక్క కంపెనీ దారి తప్పిందనో అందులో కనిపించదు. అందుకే సైటేషన్‌ను పుస్తకంలో యథాతథంగా ఒకచోట ఇచ్చి, పోరాట అధ్యాయాన్ని మాత్రం దాని మీద ఆధారపడకుండా విడిగా నిర్మించుకోవాలి.

రెజిమెంటు పేరులోని చిక్కు

తెలుగువారికి ప్రత్యేకంగా చెప్పవలసిన సంగతి ఇది. పాత కాగితంలో ‘19వ హైదరాబాద్ రెజిమెంట్’ అని కనిపించగానే అది మన హైదరాబాదుకు చెందిన దళమని అనుకుంటాం. ఆ రెజిమెంటు మూలాలు నిజాం రాజ్యంలో బ్రిటిష్ అధికారుల కింద ఉంచిన కంటింజెంట్ దళంలో ఉన్నమాట నిజమే. రెండో ప్రపంచయుద్ధం నాటికి మాత్రం దానిలో ప్రధానంగా కుమావూఁ, ఉత్తర భారత ప్రాంతాలవారు ఉండేవారు. 1945లో దాని పేరే కుమావూఁ రెజిమెంట్‌గా మారింది. సోమ్‌నాథ్ శర్మ 1942లో కమిషన్ పొందినది ఆ హైదరాబాద్ రెజిమెంట్‌లో. బద్గాంలో పోరాడినప్పుడు ఆయన బెటాలియన్ పేరు 4 కుమావూఁ. తరువాత సైన్యాధ్యక్షుడైన జనరల్ తిమ్మయ్య కూడా ఆ హైదరాబాద్ రెజిమెంటు అధికారే. నిజాం సొంత సైన్యం వేరు, దానికీ దీనికీ ముడిపెట్టకూడదు.

దేశవిభజన మరో చిక్కు తెచ్చింది. బలూచ్, ఫ్రాంటియర్ ఫోర్స్ వంటి రెజిమెంట్లు పాకిస్తాన్‌కు వెళ్లిపోయాయి. బర్మా యుద్ధంలో మిలిటరీ క్రాస్ అనే బ్రిటిష్ శౌర్య పతకం పొందిన శామ్ మానెక్‌షా ఫ్రాంటియర్ ఫోర్స్ రెజిమెంటు అధికారి. విభజన తరువాత ఆయన గూర్ఖా దళానికి మారవలసి వచ్చింది. మీ కథానాయకుడి తండ్రిది కూడా ఇలాంటి పరిస్థితే అయితే, ఆయన పాత యూనిట్ చరిత్ర భారతదేశంలోని ఏ రెజిమెంటల్ సెంటర్‌లోనూ దొరకదు. 1947కు ముందు కమిషన్ పొందినవారి వివరాలకు లండన్ గెజెట్, బ్రిటిష్ లైబ్రరీలోని ఇండియా ఆఫీసు రికార్డులు ఉపయోగపడతాయి. రెండు ప్రపంచయుద్ధాల్లో మరణించినవారి పేర్లు కామన్‌వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ జాబితాల్లో ఉంటాయి. స్వాతంత్ర్యం తరువాతి పతకాలకు గెజెట్ ఆఫ్ ఇండియా, విధి నిర్వహణలో మరణించినవారికి 2019లో ఢిల్లీలో ప్రారంభమైన జాతీయ యుద్ధ స్మారకం, ఢిల్లీలోనే నేషనల్ ఆర్కైవ్స్ ఉన్నాయి. జవాన్ల రికార్డులు ఆయా రెజిమెంట్ల రికార్డ్స్ ఆఫీసుల్లో, అధికారుల రికార్డులు సైనిక ప్రధాన కార్యాలయంలో ఉంటాయి కాబట్టి, తాతగారి కోసం ఒకచోటికి, మనవడి కోసం మరోచోటికి రాయవలసి రావచ్చు. ఉత్తరంలో సర్వీసు నంబరు, సుమారు సంవత్సరాలు, మీకు ఆయనతో ఉన్న బంధుత్వం స్పష్టంగా రాయండి. మూడు పేజీల పొగడ్తతో మొదలయ్యే అభ్యర్థనను చదివే గుమాస్తా ఎక్కడా ఉండడు.

వంశం అనే అధ్యాయం

తండ్రి సైనికుడు కాబట్టి కొడుకు సైనికుడయ్యాడన్న తర్కం పైకి కనిపించినంత గట్టిది కాదు. సోమ్‌నాథ్ శర్మ తండ్రి అమర్‌నాథ్ శర్మ సైన్య వైద్య విభాగంలో మేజర్ జనరల్; కొడుకు ఎంచుకున్నది పదాతిదళం, ఒక తమ్ముడు వెళ్లినది ఇంజనీర్స్‌కు, మరొక తమ్ముడు విశ్వనాథ్ శర్మ 1988లో సైన్యాధ్యక్షుడయ్యాడు. 1971 యుద్ధంలో బసంతర్ పోరులో మరణించి పరమవీర చక్ర పొందిన సెకండ్ లెఫ్టినెంట్ అరుణ్ ఖేతర్‌పాల్ తండ్రి ఇంజనీర్స్ అధికారి. కొడుకు ట్యాంకుల దళమైన 17 పూనా హార్స్‌లో చేరాడు. హైదరాబాదులో పుట్టి, ఉస్మానియాలో చదివి, కార్గిల్‌లో మరణానంతరం మహావీర చక్ర పొందిన మేజర్ పద్మపాణి ఆచార్య తండ్రి వాయుసేనలో వింగ్ కమాండర్. కొడుకు వెళ్లినది రాజ్‌పుతానా రైఫిల్స్‌కు. జనరల్ కరియప్ప కుమారుడు వాయుసేనలో చేరి 1965 యుద్ధంలో యుద్ధఖైదీ అయ్యాడు. ఈ నాలుగు ఇళ్లలోనూ తండ్రి యూనిఫారం కొడుకును ఆకర్షించింది, కానీ కొడుకు తండ్రి దారిలో యథాతథంగా నడవలేదు. ఎందుకన్నదే మీ అధ్యాయానికి ప్రశ్న కావాలి.

తండ్రి రెజిమెంటులోనే చేరినవారి కథ వేరు. కొడుకు తండ్రి యూనిట్‌ను కోరుకునే వీలు సైన్యంలో ఉంది, దాన్ని పేరెంటల్ క్లెయిమ్ అంటారు. అలా చేరిన యువ అధికారి మెస్‌లో అడుగుపెట్టిన రోజునే తన తండ్రి ఫోటో ఉన్న గోడకు ఎదురుగా భోజనానికి కూర్చుంటాడు. తండ్రి కింద జవానుగా పనిచేసినవాడు ఇప్పుడు సుబేదారు మేజరై, చిన్నప్పుడు ఎత్తుకున్న కుర్రవాడికే సెల్యూట్ చేస్తాడు. ఆ సెల్యూట్ ఎంత బరువో ఆ అధికారినే అడగండి, ఆయన లేకపోతే ఆ సుబేదారు మేజరును అడగండి. తండ్రి పేరు సాయపడిన సందర్భాలను దాచకండి, భారమైన సందర్భాలను కూడా దాచకండి.

ఈ అధ్యాయంలో ఎక్కువగా మాట్లాడవలసినవారు ఇంటి ఆడవాళ్లు. ఒకే స్త్రీ ఒక అధికారికి కూతురు, మరొకరికి భార్య, ఇంకొకరికి తల్లి అయి ఉంటుంది. మూడు తరాలనూ దగ్గరగా చూసినది ఆమె ఒక్కతే. సామాను పెట్టెల మీద తెల్ల రంగుతో పేరు, హోదా రాయడం, హోదా పెరిగినప్పుడల్లా పాతది కొట్టేసి కొత్తది రాయడం, బిడ్డలు మార్చిన బళ్ల సంఖ్య, టెలిగ్రాం తెచ్చే మనిషి సైకిల్ గంట వినగానే ఆగిపోయే గుండె, వీటిని గురించి ఏ గెజెట్‌లోనూ ఉండదు. తెలుగు సైనిక కుటుంబాల్లో ఇంకొక సంగతి కూడా గమనించాను. పిల్లలు ఊరూరా కేంద్రీయ విద్యాలయాల్లో హిందీ, ఇంగ్లీషు మాధ్యమంగా చదవడంవల్ల, నాయనమ్మ తెలుగులో రాసిన ఉత్తరాలను చదవలేని మనవలు ఉన్నారు. ఆ ఉత్తరాలు చదివిపెట్టే పని మీరు తీసుకుంటే, ప్రతిఫలంగా పెట్టె మొత్తం మీ ముందు తెరుచుకుంటుంది.

ఉత్తరం ఎంత చెప్పగలదో తెలియాలంటే పద్మపాణి ఆచార్య 1999 జూన్‌లో యుద్ధభూమి నుంచి తండ్రికి రాసినదాన్ని గుర్తుచేసుకోవచ్చు. గర్భవతి అయిన తన భార్యకు రోజుకొక మహాభారత కథ చెప్పమని, పుట్టబోయే బిడ్డకు మంచి సంస్కారం అబ్బుతుందని ఆయన కోరాడు. జూన్ 28న ఆయన మరణించాడు. ఆ ఒక్క కోరికలో తండ్రీకొడుకుల మధ్య ఉన్న నమ్మకం, ఇంట్లో విన్న కథల వాతావరణం, ఏం జరగవచ్చో తెలిసిన మనిషి నెమ్మది అన్నీ ఉన్నాయి. ఇలాంటిది మీకు దొరికితే దానికి వ్యాఖ్యానం జోడించకండి.

మనుషులతో మాట్లాడటం

వయసు మీదపడినవారిని మొదట కలవండి. పట్టిక పూర్తయ్యేదాకా ఆగవద్దు. అధికారుల కంటే ముందు ఆయన రేడియో ఆపరేటర్‌నూ, డ్రైవర్‌నూ, సహాయక్‌గా ఉన్న జవానునూ వెతకండి. యూనిట్ రైజింగ్ డే (యూనిట్ ఏర్పడిన రోజు) వేడుకలకు పాతవారు వస్తారు, అక్కడ ఒక్కరు దొరికితే మిగతావారి జాడ ఆయనే చెబుతాడు. ‘సాహెబ్ ఎంత ధైర్యవంతుడు?’ అని అడిగితే మీకు సైటేషన్‌లోని మాటలే తిరిగి వస్తాయి. ఆ రాత్రి ఏం తిన్నారు, నీళ్లు ఎవరు మోశారు, ఎవరి పక్కన ఎవరు ఉన్నారు, ఆయనకు కోపం వస్తే ఎలా తెలిసేది అని అడగండి. ఒక కాగితం ఇచ్చి ఆ కొండనూ, వాగునూ, తాను నిలబడిన చోటునూ గీయమంటే, నోటితో చెప్పలేనిది చేయి చెబుతుంది. ఇద్దరు గీసిన పటాలు కలవకపోతే అది మంచిదే, అక్కడ అడగవలసినది ఇంకా ఉందని తెలుస్తుంది.

భర్తను కోల్పోయిన స్త్రీతో మాట్లాడేటప్పుడు మరణవార్త అందిన రోజు నుంచి మొదలుపెట్టకండి. ఆమెను అందరూ అదే అడిగి ఉంటారు. మొదటి క్వార్టర్స్ ఎలా ఉండేవో, ఆయన సెలవుపై వచ్చినప్పుడు మొదటి రెండు రోజులు ఎలా ఉండేవాడో అడగండి. రికార్డు చేసేముందు అనుమతి తీసుకుని, రాసిన భాగాన్ని ఆమెకు చూపిస్తానని మాట ఇచ్చి, ఆ మాట నిలబెట్టుకోండి.

పోరాట ఘట్టం రాసేటప్పుడు

కనీసం మూడు వైపుల నుంచి కథనం లేకుండా ఈ అధ్యాయానికి కూర్చోవద్దు. ఒకటి అధికారిక కథనం, ఒకటి అక్కడే ఉన్న జవానుది, ఇంకొకటి సాధ్యమైతే అవతలి పక్షానిది. మూడోది అసాధ్యమని కొట్టివేయకండి. 1971 డిసెంబరు 16న, ఢాకాలో లొంగుబాటు జరిగిన రోజే, పడమటి సరిహద్దులో అరుణ్ ఖేతర్‌పాల్ మరణించాడు. ముప్పయ్యేళ్ల తరువాత, 2001లో, ఆయన తండ్రి బ్రిగేడియర్ ఎం.ఎల్. ఖేతర్‌పాల్ తన జన్మస్థలం చూడటానికి పాకిస్తాన్ వెళ్లినప్పుడు, లాహోరులో ఆతిథ్యమిచ్చిన బ్రిగేడియర్ ఖ్వాజా మహమ్మద్ నాసర్, ఆ రోజు మీ కుమారుడి ట్యాంకుకు ఎదురుగా ఉన్నది నేనే, ఆయన నా చేతిలోనే మరణించాడు అని స్వయంగా చెప్పాడు. ఒక సైనికుడు మరొక సైనికుడి తండ్రికి ఆ మాట చెప్పిన తీరు, తండ్రి దాన్ని విన్న తీరు లేకుండా ఇప్పుడు ఆ జీవితచరిత్రను ఊహించలేం. అదే సంఘటన తండ్రి కథలో కూడా భాగమే. సైనిక కుటుంబం గురించి రాసేటప్పుడు కొడుకు మరణంతో పుస్తకం ముగించకూడదని నేను అనడానికి కారణం ఇదే.

అంకెల విషయంలో కఠినంగా ఉండండి. శత్రువుల సంఖ్య కథ చెప్పినప్పుడల్లా పెరుగుతుంది. సైటేషన్‌లో లేని సంఖ్యను ఇద్దరు ప్రత్యక్ష సాక్షులు చెప్తే తప్ప రాయకండి. కార్గిల్ యుద్ధం గురించిన రచనల్లో తరచుగా కనిపించే తప్పు శిఖరాల ఎత్తు. పాయింట్ 4875 అంటే 4,875 మీటర్లు, దాదాపు 16 వేల అడుగులు. దాన్ని అడుగులుగా రాస్తే శిఖరం మూడోవంతుకు కుంగిపోతుంది, ఆ ఎత్తున మనిషికి అందని ఊపిరి కూడా కథలోంచి పోతుంది. వేళలు రాసేటప్పుడు చంద్రుడు ఉన్నాడా, తెల్లవారడానికి ఎంతసేపు ఉంది అన్నది పంచాంగంతో సరిచూసుకోవచ్చు. ‘చిమ్మచీకటిలో’ అని రాసిన రాత్రి పౌర్ణమి అయితే నవ్వులపాలవుతారు.

ఆయనతో పాటు మరణించిన జవాన్ల పేర్లను అనుబంధంలోకి నెట్టకండి. వాళ్లు ఆయన కంపెనీ మనుషులు, వాళ్ల ఊళ్లు, వయసు కథలో ఎక్కడ పడితే అక్కడే చెప్పండి. ఆయన తీసుకున్న నిర్ణయం తప్పయిందని సాక్షులు అంటే, దాన్ని కూడా వాళ్ల మాటల్లోనే ఉంచండి. ప్లాస్టర్ వేసిన చేతితోనే కంపెనీని యుద్ధానికి తీసుకువెళ్లిన సోమ్‌నాథ్ శర్మ గురించి చదివితే, ఆ చేయి విరిగినది హాకీ ఆటలో అన్న చిన్న వివరమే ఆయనను విగ్రహం నుంచి మనిషిగా దించుతుంది. అలాంటి వివరం ఒకటి దొరికితే పది విశేషణాలు తీసేయవచ్చు.

చట్టం, మర్యాద

అధికారి ఇంకా సర్వీసులో ఉంటే, ఆయన గురించి ఆయన చెప్పినదాన్ని ప్రచురించడానికి సైన్యం అనుమతి కావాలి. ఆ అనుమతి తెచ్చుకోవలసినది ఆయనే. 1923 నాటి అధికార రహస్యాల చట్టం మీకూ వర్తిస్తుంది కాబట్టి ఇప్పటి మోహరింపులు, సరిహద్దు చౌకీల ఫోటోలు, సంకేత పుస్తకాల పేజీలు ఇంట్లో దొరికినా అచ్చువేయకూడదు. ఉత్తరం కాగితం అందుకున్నవారి సొత్తు, అందులోని రచన మాత్రం రాసినవారిదీ వారి వారసులదీ. రాసిన వ్యక్తి మరణించిన తరువాత కూడా చాలాకాలం ఆ హక్కు ఉంటుంది. అన్నదమ్ముల్లో ఒకరు సరేనన్నంత మాత్రాన మిగతావారు ఒప్పుకున్నట్టు కాదు, అందరి సంతకాలూ తీసుకోండి. వైద్య పత్రాలు, క్రమశిక్షణ చర్యల కాగితాలు దొరికితే, అవి కథకు నిజంగా అవసరమా అని ఒక వారం ఆగి ఆలోచించండి.

భాష, కూర్పు

రెజిమెంట్, బెటాలియన్, కంపెనీ, ప్లటూన్ వంటి మాటలను అలాగే వాడండి. వాటికి సంస్కృత సమాసాలు కల్పిస్తే చదివేవారికి రెండుసార్లు అనువాదం చేసుకునే శ్రమ పడుతుంది. హోదా ఎప్పుడూ ఆ సంఘటన నాటిదే ఉండాలి: తరువాత బ్రిగేడియరైన మనిషి 1965 అధ్యాయంలో కెప్టెనే. ‘వీరమరణం’ అన్న మాట ఒకసారి వాడితే బలంగా ఉంటుంది, పేజీకొకసారి వాడితే అరిగిపోతుంది. అధికారికి ‘ఆయన’ అని, జవానుకు ‘వాడు’ అని రాసే అలవాటు మనకు తెలియకుండానే దొర్లుతుంది, ప్రతిని సరిదిద్దేటప్పుడు ప్రత్యేకంగా వెతికి తీసేయండి.

పతకాన్ని మొదటి పేజీలో పెట్టవద్దని నా సలహా. మొదటి అధ్యాయం ఒక బదిలీతో మొదలుపెట్టి చూడండి, సామాను కట్టడంతో, రైలుతో, కొత్త ఊళ్లో మొదటి రాత్రితో. ఆ ఇంట్లో యూనిఫారం ఎలా ఇస్త్రీ అయ్యేదో తెలిసిన పాఠకుడికి, మూడువందల పేజీల తరువాత ఆ యూనిఫారం మడిచి తిరిగి ఇంటికి వచ్చినప్పుడు ఏం జరిగిందో వివరించనక్కరలేదు. అధికారి బతికి విరమణ పొంది ఉంటే ఆ తరువాతి జీవితానికి కూడా చోటు ఇవ్వండి. ఫిరంగుల మోతకు మందగించిన చెవి, పౌర ఉద్యోగంలో ఇమడలేకపోవడం, ఉదయం అయిదింటికి లేచే అలవాటు ఎవరికీ అక్కరలేని ఇంట్లో గడిపే ఉదయాలు, ఇవన్నీ ఆ జీవితంలోవే.

రాత పూర్తయ్యాక పోరాట అధ్యాయాన్ని ఆ కంపెనీలో ఉన్న ఒక మాజీ జవానుకు గట్టిగా చదివి వినిపించండి. ఆయన ఆపిన ప్రతిచోటా పెన్సిల్‌తో గీత పెట్టుకుని, ఆ రాత్రికే సరిదిద్దండి. అచ్చయిన తరువాత ఒక ప్రతిని రెజిమెంటల్ సెంటర్ గ్రంథాలయానికి, ఒకటి ఆ అధికారి చదివిన బడికి, ఒకటి ఆయన పుట్టిన ఊరి గ్రంథాలయానికి పంపండి; మీరు తయారు చేసిన తేదీల పట్టికను కూడా ఆధారాలతో సహా జతచేయండి, ఆ యూనిట్ గురించి తరువాత రాయబోయే మనిషి దాన్నే మొదట అడుగుతాడు.